ముందు బోల్టులు లెక్కపెట్టండి

గ్యాస్ లీకయ్యే అవకాశమున్న చోట ఫ్లేమ్‌ప్రూఫ్ జంక్షన్ బాక్స్ (కేబుళ్లు కలిపే పెట్టె, లోపల మంట పుట్టినా బయటి గ్యాస్ అంటుకోకుండా ఆపేది) చెక్ చేసేటప్పుడు నేను మొదట మూత బోల్టులు లెక్కపెడతాను. ఎనిమిదికి ఏడే ఉన్నా ఆ బాక్స్‌ను నమ్మలేం. లోపల మంట పుడితే, ఆ వేడి వాయువు మూత అంచు దగ్గరి సన్నటి సందులోంచి చల్లబడుతూ బయటికి రావాలి. బోల్టు లేకపోతే సందు పెరుగుతుంది. అందుకే ఆ అంచుల మీద గీతలు, తుప్పు, పెయింట్ ఉండకూడదు. నీళ్లు పోకుండా అని మామూలు సిలికాన్ పూసేవాళ్లూ ఉన్నారు, అదింకా తప్పు. వాడని కేబుల్ రంధ్రానికి రవాణాలో వచ్చిన ప్లాస్టిక్ మూత వదిలేయకండి, సర్టిఫైడ్ ప్లగ్ బిగించాలి. కేబుల్ బాక్స్‌లోకి వెళ్లే చోట దాన్ని బిగించి పట్టే గ్లాండ్‌ను చేత్తో తిప్పి చూడండి, తిరిగితే వదులైనట్టే. మూత తెరవాల్సి వస్తే మాత్రం సప్లై ఆపి, లాక్ వేసి, కరెంటు లేదని టెస్ట్ చేశాకే.