లైఫ్‌లైన్‌కి స్టీల్ వైర్ బదులు డైనీమా తాడు

తెరచాప పడవ అంచున మనిషి నీళ్లలో పడకుండా కట్టే లైఫ్‌లైన్లు మార్చే పని పడితే, స్టీల్ వైర్ బదులు డైనీమా (చాలా బలమైన సింథటిక్ నార) తాడు గురించి ఆలోచించండి. (హుస్సేన్ సాగర్‌లో తిరిగే లేజర్ రకం చిన్న పడవలకి లైఫ్‌లైన్లే ఉండవు, ఈ గొడవే లేదు.) ప్లాస్టిక్ తొడుగున్న వైర్‌లో తుప్పు పైకి కనబడదు, తెగిన రోజే తెలుస్తుంది. తాడు అరిగితే నూగు లేచి ముందే చెప్తుంది.

ముడి మాత్రం వేయకండి. డైనీమా బాగా జారుతుంది, జారకపోయినా ముడి దగ్గర బలం సగానికి పడిపోవచ్చు. స్ప్లైస్ చేయాలి, అంటే తాడు కొసని అదే తాడు లోపలి బోలులోకి దూర్చాలి. దూర్చే పొడవు మందానికి 72 రెట్లు, 5 మి.మీ. తాడుకి 36 సెం.మీ. అన్నమాట.

అసలు శత్రువు రాపిడి. పాత వైరు స్టాంచన్ల (లైఫ్‌లైన్‌ని మోసే నిలువు కడ్డీల) రంధ్రాల్లో గాట్లు పెట్టి ఉంటుంది. లోపల గోరుతో గీకి చూడండి, ఎక్కడైనా పట్టుకుంటే సన్న ఎమరీ పేపరుతో నునుపు చేయండి. మొదటిసారి నేనిది బద్ధకించాను, ఒక్క సీజన్‌కే తాడు బొచ్చు లేచింది.

చివర టర్న్‌బకిల్ (తిప్పి బిగించే మర) బదులు సన్న తాడుతో నాలుగైదు చుట్లు లాగి కట్టండి. ఎవరైనా నీళ్లలో పడితే ఆ చుట్లు కోసేసి మనిషిని సులువుగా పైకి లాగొచ్చు. కొత్తలో స్ప్లైస్‌లు సర్దుకుని తాడు వదులవుతుంది, మళ్లీ బిగించండి. ఎండకి కూడా బలం తగ్గుతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే. రేసులకి వెళ్లేవాళ్లు ముందు రూల్స్ చూసుకోండి, కొన్ని చోట్ల స్టీలే ఉండాలంటారు.