అల్యూమినియం రేకులో పగులును తరంగాలతో పట్టడం

ఒక బిళ్ల రేకులోకి తరంగం పంపుతుంది, మరొకటి దాన్ని అందుకుంటుంది; పగులు ఉంటే అందే సిగ్నల్ మారుతుంది. 2 మి.మీ. మందం ఉన్న రేకుకు 10 మి.మీ. వ్యాసం, అర మి.మీ. మందం ఉన్న పీజో బిళ్లలు (వోల్టేజి ఇస్తే కంపించేవి, కంపిస్తే వోల్టేజి ఇచ్చేవి) మూడు కావాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికే ఇత్తడి బజర్ బిళ్లలు వద్దు, అవి కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర మోగడానికి చేసినవి. రెండు ఎలక్ట్రోడ్లూ పైవైపే ఉన్న రకం తీసుకుంటే సోల్డరింగ్ తేలిక.

రేకును గరుకు కాగితంతో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, రెండు బిళ్లలను 300 మి.మీ. ఎడంగా సూపర్‌గ్లూతో పల్చగా అతికించండి. మూడోది ఆ గీతకు పక్కగా ఉండాలి, ఎందుకంటే తరంగం వెళ్లే దిశలోనే సాగిన పగులు దాదాపు ఏమీ వెనక్కి పంపదు. అంచులకు దూరంగా పెట్టండి.

ఫంక్షన్ జనరేటర్‌తో (కావలసిన విద్యుత్ అలను పుట్టించే పరికరం) ఒక బిళ్లకు 200 కిలోహెర్ట్జ్, 5 సైకిళ్లు, హానింగ్ విండో (అల మెల్లగా పెరిగి మెల్లగా తగ్గే ఆకారం), 10 వోల్టులు ఇచ్చి, రెండో బిళ్ల సిగ్నల్‌ను ఆసిలోస్కోప్‌లో 64 సార్లు సగటు తీయండి. ఎస్0 తరంగం (రేకు సాగుతూ ముడుచుకుంటూ ఉండగా వెళ్లే, అన్నిటికంటే ముందు చేరే తరంగం) సెకనుకు సుమారు 5400 మీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి మొదటి సిగ్నల్ 55 మైక్రోసెకన్ల దగ్గర కనబడాలి. లేకపోతే ముందు ట్రిగర్ (కొలత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సంకేతం), వైర్లు చూడండి.

బాగున్న రేకు సిగ్నల్‌ను దాచి, తర్వాతి కొలత నుంచి తీసివేయండి. మిగిలిన అల వచ్చిన సమయాన్ని వేగంతో గుణిస్తే పంపిన బిళ్ల నుంచి పగులుకు, అక్కడి నుంచి రెండో బిళ్లకు ఉన్న మొత్తం దూరం వస్తుంది. అంటే పగులు ఒక దీర్ఘవృత్తం మీద ఎక్కడో ఉంది. మిగతా జతలతోనూ గీస్తే అవి కలిసే చోటు దొరుకుతుంది.

ఎక్కువమంది మోసపోయేది ఉష్ణోగ్రత దగ్గరే. పొద్దున తీసిన సిగ్నల్‌ను చెన్నై మధ్యాహ్నపు కొలత నుంచి తీసేస్తే, వేగం మారినందువల్ల పగులు లేకున్నా పగులులాంటి శేషం మిగులుతుంది. రేకుకే థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అంటించి, రెండు డిగ్రీలకొకటి చొప్పున మూల సిగ్నళ్లు దాచుకోండి.