వైఫై డాంగిల్ పీకగానే సిస్టమ్ పడిపోతుంటే

మాది తిరుపతి, బైరాగిపట్టెడలో చిన్న రిపేరు షాపు. మొన్న ఒక యూనివర్సిటీ పిల్లాడు ల్యాప్‌టాప్ తెచ్చి, "అన్నా, డాంగిల్ పీకితే చాలు, బ్లూ స్క్రీన్" అన్నాడు. పీకి చూపించాడు కూడా. డాంగిల్ అంటే యూఎస్‌బీలో పెట్టే చిన్న వైఫై పరికరం, బ్లూ స్క్రీన్ అంటే విండోస్ ఉన్నట్టుండి ఆగిపోయి వచ్చే నీలం తెర. ఇలాంటప్పుడు విండోస్ మళ్లీ ఎక్కించేయకండి, దండగ.

ముందు డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా ఉండే చోటు) వైఫై అడాప్టర్‌ని, అంటే ఆ డాంగిల్‌ని, డిజేబుల్ చేసి, అప్పుడు పీకండి. పడిపోలేదా? అయితే అనుమానం డ్రైవర్ మీదే, అంటే ఆ డాంగిల్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ మీదే. చెప్పకుండా పీకినప్పుడు కొన్ని డ్రైవర్లు తమ మెమరీని వదిలేస్తాయి గానీ, వెనక నడుస్తున్న పని ఇంకా దాన్నే తడుముతుంటుంది. ఖాళీ చేసిన ఇంటి తలుపు తట్టినట్టు.

రుజువు కావాలంటే సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ కింద మినీడంప్ ఫోల్డర్ చూడండి, సిస్టమ్ పడిపోయినప్పటి వివరాలు అక్కడ ఫైలుగా ఉంటాయి. అందులోని ఫైలును విన్‌డీబగ్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్‌లో తెరవండి, అది ఉచితమే. అనలైజ్ నొక్కితే ఇమేజ్ నేమ్ దగ్గర ఒక ఫైలు పేరు వస్తుంది. అక్కడ విండోస్ కెర్నల్ (విండోస్ మూల భాగం) పేరే కనిపిస్తే వెంటనే నమ్మొద్దు, కింద స్టాక్‌లో, అంటే పడిపోయే ముందు నడిచిన పనుల వరుసలో, వైఫై డ్రైవర్ ఉందేమో వెతకండి. పిల్లాడి కేసులో అక్కడే దొరికింది.

ఇక పాత డ్రైవర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి, డ్రైవర్ ఫైళ్లు కూడా తీసేసే టిక్కు మరవకండి. తర్వాత ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ (లోపలి చిప్‌ని గుర్తుపట్టే కోడ్) చూసి, ఆ చిప్‌కి సరిపోయే కొత్త డ్రైవర్ వేయండి. డబ్బా మీద పేరు చూసి వేస్తే మోసపోతారు, ఒకే మోడల్ పేరుతో లోపల వేరే చిప్ పెట్టి అమ్ముతారు.

కొత్తది వేశాక పదిసార్లు పీకి పెట్టి చూశాం. డౌన్‌లోడ్ నడుస్తుండగా కూడా.