దసరా ముక్క, చుక్కలకు ముందు ఒక రక్తపరీక్ష

దసరా వారం ఉందనగానే మేకపోతు ఎంతకు, సీసాలు ఎన్ని అని లెక్కలు మొదలవుతాయి. తాగే అలవాటు, షుగర్, పొట్ట ఉన్నవాళ్లు ఆ లెక్కలో రక్తంలోని కొవ్వులు కొలిచే లిపిడ్ ప్రొఫైల్ పరీక్షనూ చేర్చుకోవాలి. ముందురోజు మందు ముట్టకుండా, పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా రక్తం ఇవ్వండి. చాలామంది కొలెస్ట్రాల్ అంకె చూసి కాగితం మడిచేస్తారు. మీరు ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు అంకె చూడండి. 150 లోపు మామూలు. 500 దాటితే పండుగ కంటే ముందు డాక్టరును కలవాలి. 1000 దాటితే క్లోమం వాచే ముప్పు బాగా పెరిగినట్టే. అలాంటివారి రక్తాన్ని గొట్టంలో కాసేపు ఉంచితే పైన పాలలా తెల్లగా తేలుతుంది.

క్లోమం జీర్ణాశయం వెనక ఉంటుంది. మాంసాన్ని అరిగించే రసాలు తయారయ్యేది అక్కడే, కానీ వాటికి పదును రావలసింది పేగులోకి చేరాక. తాగుడు వల్లనో, రక్తంలోని కొవ్వు విరిగి పుట్టే ఆమ్లాల వల్లనో ఆ పదును గ్రంథిలోనే వచ్చేస్తే క్లోమం తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. పైగా మద్యం ట్రైగ్లిజరైడ్లను కూడా పెంచుతుంది. వేపుళ్లు దానికి తోడు. బీరైతే ఏమీ కాదనేది ఉత్త మాట. ఒకసారి ఈ జబ్బుతో ఆసుపత్రి చూసి వచ్చినవారిని ‘ఒక్క పెగ్గే బావా’ అని బలవంతం చేయకండి, వారికి ఆ ఒక్కటీ వద్దు. రోజూ విపరీతంగా తాగేవారు మాత్రం పండుగ మొక్కు పేరుతో ఉన్నట్టుండి మానేయకూడదు. వణుకు, మూర్ఛ రావచ్చు. డాక్టరు సాయంతోనే మానాలి.

అసలు పొరపాటు జరిగేది తిన్న తరువాత. క్లోమం వాస్తే బొడ్డుకు పైన మొదలైన నొప్పి వెన్నులోకి పాకుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కొంత తెరిపి, ఆగని వాంతులు. ఇంట్లో అందరూ గ్యాస్ అంటారు, సోడా తెస్తారు. తెల్లవారేదాకా ఆగకండి. ఏమీ తినకుండా, తాగకుండా ఆసుపత్రికి వెళ్లండి. గుండెపోటు కూడా ఇలాగే రావచ్చు కనుక ఈసీజీ తీయించాలి, క్లోమం వాపును పట్టి చూపే లైపేజ్ అనే రక్తపరీక్ష చేయించాలి. తాగనివారికి పిత్తాశయంలో రాళ్లతోనూ ఈ నొప్పి వస్తుంది. ఎంత తాగారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. భార్య ముందు నోరు రాకపోతే ఆమెను కాసేపు బయట కూర్చోమనండి.