చెన్నైలో మొదటి తుఫానా? గాలి వెళ్ళాక వచ్చే మూడు రోజులకు సిద్ధంకండి

చెన్నైకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. నెల్లూరు నుంచో హైదరాబాద్ నుంచో చదువుకు వచ్చి పీజీల్లో, నలుగురు కలిసి తీసుకున్న ఫ్లాట్లలో ఉండేవాళ్ళు తుఫాను అనగానే గాలికి భయపడతారు. గాలి ఒక పూటలో తగ్గిపోతుంది. ఆ తర్వాత కరెంటు, తాగునీరు, ఫోను, చేతిలో డబ్బు లేకుండా గడపాల్సిన రెండు మూడు రోజులే అసలు కష్టం. సరంజామా అంతా వాటి కోసమే.

ముందు మీరున్న చోటు సంగతి తెలుసుకోండి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మీ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో వాచ్‌మన్‌ని, ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. అద్దెకిచ్చే ఓనరు మాటకన్నా వీళ్ళ మాట నికరం. వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచ్చూర్ లాంటి పల్లపు ప్రాంతాల్లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే రెడ్ అలర్ట్ వచ్చిన రోజే పై అంతస్తు స్నేహితుల గదికి మారిపోండి. రెడ్ అలర్ట్ అంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటే వాన. ‘తుఫాను కాదులే, అల్పపీడనమే’ అని మాత్రం తీసిపారేయకండి. 2015 డిసెంబరు 1న నగరాన్ని ముంచింది తుఫాను కాదు. మిచాంగ్ కూడా చెన్నైలో తీరం దాటలేదు, సముద్రంలో నిదానంగా కదులుతూనే రెండు రోజుల్లో చాలాచోట్ల 40 సెంటీమీటర్లకు పైగా కురిపించింది.

సెలవు ఇచ్చారు కదా అని ఆఖరి నిమిషంలో ఊరికి బయల్దేరడం మనవాళ్ళు ఎక్కువగా చేసే పని. మిచాంగ్ డిసెంబరు 3, 4 తేదీల్లో చెన్నైని ముంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు, ఒంగోలు వైపు బస్సెక్కితే తుఫాను వెంట మీరూ ప్రయాణం చేసినట్టే. వెళ్ళేదైతే రెండు రోజుల ముందే వెళ్ళండి. లేదంటే ఉన్నచోటే ఉండండి.

ఇక నీళ్ళు. చెన్నై ఇళ్ళలో నీళ్ళు నేలలోని సంపులో చేరి, మోటరుతో పైట్యాంకుకు ఎక్కుతాయి. కరెంటు పోతే మోటరు లేదు, కుళాయి లేదు, ఆర్వో ఫిల్టరూ లేదు. వాన మొదలవక ముందే పైట్యాంకు నింపించండి, బకెట్లన్నీ నింపి మూతలు పెట్టండి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్కేసుకుంటే, ముగ్గురున్న గదికి నాలుగు రోజులకు 48 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. అలర్ట్ వచ్చాక క్యాన్ల బండి దొరకదు, పాల ప్యాకెట్లూ దొరకవు. వరద నీరు సంపులోకి దిగిందంటే అందులో డ్రైనేజీ కలిసినట్టే. చూడ్డానికి తేటగా ఉన్నా ఆ నీళ్ళతో పళ్ళు కూడా తోమకండి. మోటరు వేసి దాన్ని పైట్యాంకులోకి ఎక్కించకుండా ఓనరుకు చెప్పండి, ఎక్కిస్తే రెండూ కడగాల్సి వస్తుంది. సంపు పూర్తిగా తోడి, గోడలు రుద్ది, బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించాకే వాడాలి.

తిండికి ఇండక్షన్ స్టవ్ మీద ఆధారపడకండి. అటుకులు, మరమరాలు, పల్లీ చిక్కీ, బ్రెడ్డు, అరటిపళ్ళు, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి చాలు.

కరెంటు విషయంలో తొందర ప్రాణం మీదికి తెస్తుంది. వీధుల్లో నీళ్ళు నిలిస్తే విద్యుత్ శాఖ వాళ్ళే సరఫరా ఆపుతారు. వీధికి కరెంటు పంచే, రోడ్డు పక్క పిల్లర్ బాక్సులు మునిగి ఉంటాయి కాబట్టి నీళ్ళు తీసేదాకా ఇవ్వరు. నీళ్ళు గదిలోకి వచ్చేలా ఉంటే, ఇంకా నేల పొడిగా ఉండగానే మెయిన్ ఆపేయండి. మీటరు బోర్డు చాలా ఇళ్ళలో మెట్ల కింద, గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉంటుంది. అక్కడ అప్పటికే నీళ్ళుంటే దాని జోలికి వెళ్ళకండి. 2024 నవంబరు 30న, ఫెంజల్ తుఫాను రోజున, చెన్నైలో డబ్బు తీసుకోడానికి ఏటీఎంకు వెళ్ళిన ఒక యువకుడు కరెంటు షాక్‌తో చనిపోయాడు. అందుకే రెండు మూడు వేల రూపాయలు, వందలూ యాభైలుగా, ముందే దగ్గర పెట్టుకోండి. నెట్ లేకపోతే ఫోనులోని యూపీఐ యాప్‌లు మామూలుగా పనిచేయవు.

20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు మామూలు ఫోనును రెండు మూడుసార్లే నింపుతుంది. టవరు పడిపోయినప్పుడు సిగ్నల్ వెతుక్కుంటూనే ఫోను బ్యాటరీ తినేస్తుంది, కాబట్టి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీయండి. కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్ళొచ్చు. ‘క్షేమం, ఫోను ఆపుతున్నా, సాయంత్రం ఆరింటికి చేస్తా’ అని అమ్మానాన్నలకు ఒక్కటి పెట్టండి, లేకపోతే వాళ్ళు రాత్రంతా నిద్రపోరు. 1913 కార్పొరేషన్‌ది, 1070 రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూముది, 108 అంబులెన్సుది. ఈ మూడూ కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి.

గాలి రోజున బాల్కనీలో కుండీలు, బట్టల స్టాండు లోపల పెట్టండి. బాల్కనీ నీళ్ళు పోయే కంతలో ఆకులు తీసేయండి. అది మూసుకుపోతే మూడో అంతస్తులోనూ నీళ్ళు గదిలోకే వస్తాయి. కిటికీ అద్దాలకు టేపు అంటిస్తే అద్దం గట్టిపడదు, దూరంగా లోపలి గదిలో ఉండటమే రక్షణ. హఠాత్తుగా గాలి ఆగితే కిందికి దిగకండి. అది తుఫాను కన్ను, అంటే నడిమధ్య ప్రశాంతంగా ఉండే భాగం, కావచ్చు, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు చెన్నైలో వేలకొద్దీ చెట్లు కూలాయి. బండి చెట్టు కింద పెట్టకండి. వేళచ్చేరి వాసులు కార్లను ఫ్లైఓవరు మీద పెడుతుంటే వింతగా చూడకండి, అది అనుభవం.

తెరిపి ఇచ్చాక రైలు పట్టాల కిందుగా వెళ్ళే సబ్‌వేల్లోకి, మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళకండి. నీళ్ళు పోవాలని జనం మ్యాన్‌హోల్ మూతలు తీసి ఉంచుతారు, పైకి కనిపించవు. నడవక తప్పకపోతే బూట్లు వేసుకుని, కర్రతో ముందు తడిమి అడుగెయ్యండి. కాలికి పుండు ఉంటే అసలు దిగొద్దు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి వస్తే డాక్టరుకు వరద నీళ్ళలో నడిచానని మీరే చెప్పాలి, ఆయన అడిగేదాకా ఆగొద్దు. అప్పుడు నింపిన బకెట్లు వారంలోపు ఒంపేయండి, దోమ పిల్లలు చేస్తుంది.

మునిగిన స్కూటీని ‘ఒక్కసారి చూద్దాం’ అని స్టార్ట్ చేయకండి. ఎయిర్ ఫిల్టరు నుంచో సైలెన్సరు నుంచో ఇంజనులోకి నీరు వెళ్ళి ఉంటే, స్టార్ట్ చేసిన ఆ ఒక్కసారికే లోపలి భాగాలు దెబ్బతినొచ్చు. నీటి మట్టం గీత కనిపించేలా ఫోటో తీసి, ముందు ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేయండి, తర్వాత బండిని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.