ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించుకునే ముందు బరువు చూపించుకోండి

క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగు జబ్బులకో, కీళ్లవాతానికో నరంలోకి ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందు మొదలుపెట్టబోతున్నారా? అయితే ఎక్కించుకునే రోజున ఆసుపత్రిలోనే తూకం చూపించుకోండి. పాత చీటీలో రాసున్న బరువు పనికిరాదు, ఎందుకంటే ఈ మందు మనిషికింత అని కాదు, కిలోకింత అని లెక్కగట్టి ఇస్తారు. పేగు జబ్బులకు మామూలుగా కిలోకు 5 మిల్లీగ్రాములు, రుమటాయిడ్ కీళ్లవాతానికైతే మెథోట్రెక్సేట్ అనే మందుతో పాటు కిలోకు 3తో మొదలుపెడతారు. తొలి డోసు తర్వాత 2వ వారం, 6వ వారం, ఆపైన 8 వారాలకోసారి.

జబ్బు ముదిరి 48 కిలోలకు చిక్కిపోయిన మనిషికి 240 మిల్లీగ్రాములు సరిపోతాయి. మందు పనిచేసి, ఆకలి పుట్టి, తిన్నది ఒంటికి పట్టి 60 కిలోలకు వచ్చారనుకోండి, చాలా సంతోషం, కానీ ఫైల్లో ఇంకా ఆ 240యే నడుస్తుంటే కిలోకు 4 మాత్రమే అందుతున్నట్టు, రావాల్సింది 300. మందు తక్కువైతే జబ్బు తిరగబెట్టడం ఒక్కటే కాదు, ఆ మందు మీదే ఒంట్లో యాంటీబాడీలు పుట్టి, తర్వాత అది పనిచేయకుండా పోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. స్టెరాయిడ్లు వాడేవాళ్లకు నీరు పట్టి బరువు పెరగొచ్చు, అదీ డాక్టరు చెవిన వేయండి.

వయల్స్ (మందు పొడి ఉండే చిన్న సీసాలు) దగ్గర చాలామంది తడబడతారు. ఒక్కోదాంట్లో 100 మిల్లీగ్రాములు. 64 కిలోలంటే 320, అంటే నాలుగోది తెరవాలి, అందులో 80 మిగిలిపోతుంది. ఇంత ఖరీదైన మందు వృథా అంటే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా మూడింటితో సరిపెట్టాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడి మనం తేల్చుకునేది కాదు. మిగిలింది ఫ్రిజ్‌లో దాచుకుందామనే ఆలోచన అసలు వద్దు, కలిపిన మూడు గంటల్లోపే ఎక్కించడం మొదలవ్వాలి. వయల్స్ మీరే కొని తీసుకెళ్తుంటే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచండి, ఐసుకు నేరుగా తగలనివ్వకండి, గడ్డకడితే ఇక వాడకూడదు.

జీవకణాలతో తయారుచేసే ఇలాంటి మందులను బయోలాజిక్స్ అంటారు, వాటన్నిటికీ ఇదే లెక్క అనుకోకండి. అడాలిముమాబ్ కీళ్లవాతం ఉన్న పెద్దవాళ్లకు బరువుతో పనిలేకుండా 40 మిల్లీగ్రాములే, రెండు వారాలకోసారి. సోరియాసిస్‌కు ఉస్టెకినుమాబ్ 100 కిలోల దాకా 45 మిల్లీగ్రాములు, దాటితే 90. పక్క బెడ్డు వాళ్ల డోసు చూసి మనకెందుకు తక్కువ అని టెన్షన్ పడొద్దు.

బరువెంతైనా సరే, క్షయ పరీక్షలు చేయించుకోకుండా మాత్రం మొదలుపెట్టకండి. మన దేశంలో టీబీ క్రిములు ఒంట్లో చడీచప్పుడు లేకుండా ఉన్నవాళ్లు కోట్లలో ఉన్నారు, ఈ మందు వాడితే అవి విజృంభించవచ్చు. ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (చర్మం మీద చేసే టీబీ పరీక్ష) లేదా ఇగ్రా (రక్తంతో చేసే టీబీ పరీక్ష), హెపటైటిస్ బి పరీక్ష, ఇవన్నీ ముందే అయిపోవాలి. జ్వరం, దగ్గు, చీముగడ్డ ఏదున్నా దాచకండి. ఎక్కడానికి రెండు గంటలకు తక్కువ పట్టదు, మధ్యలో దద్దుర్లు వచ్చినా, ఛాతీ బిగబట్టినా, ఊపిరాడకపోయినా నర్సును అప్పటికప్పుడే పిలవండి. ఇంటికి బయల్దేరే ముందు ఆ రోజు బరువు, ఎక్కించిన మిల్లీగ్రాములు, బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు కాగితం మీద రాయించుకోండి.