విండోస్ పోకుండా పక్కనే ఉబుంటు

విండోస్ అలాగే ఉంచి, దాని పక్కనే ఉబుంటు అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి అరగంట చాలు. తేడా వచ్చేదల్లా అంతకుముందు విండోస్‌లో చేయాల్సిన పనులు వదిలేసినప్పుడే. బెంగళూరు మారతహళ్లి పీజీలో ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ తప్ప వేరేది లేకపోతే మాత్రం ఈ పని పెట్టుకోకండి. సొంత మెషీన్ మీదే చేయాలి.

ఫోటోలు, సర్టిఫికెట్లు ముందు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కావాలి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్డులో కొంటే మరీ చౌకది తీసుకోకండి, నకిలీవి సగం రాసి ఆగిపోతాయి. ఉబుంటు 24.04 ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దాదాపు 6 జీబీ, డౌన్‌లోడ్‌కు వైఫై చూసుకోండి. దాన్ని పెన్‌డ్రైవ్‌కు ఎక్కించే రూఫస్ ప్రోగ్రామ్‌లో జీపీటీ (డిస్కు విభజన పద్ధతి), యూఈఎఫ్ఐ (కొత్త రకం బూట్ పద్ధతి) ఎంచుకుని రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది.

ఇక విండోస్ సంగతి. సెట్టింగ్స్‌లో డిస్కుకు తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్ 11లో చాలాసార్లు మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే ఆఫ్ చేయండి. డీక్రిప్షన్ (ఆ తాళం తీయడం) పూర్తిగా అయ్యేదాకా ఆగాలి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు కూడా తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఉబుంటు నుంచి సీ డ్రైవ్‌లో రాయడం కుదరదు.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. 60 జీబీ కావాలంటే పెట్టెలో 61440 కొట్టాలి, అక్కడ లెక్క ఎంబీల్లో. బోలెడు ఖాళీ ఉన్నా తక్కువే ఇస్తానంటే, కదలని పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్ అడ్డుపడుతున్నట్టు. అవి తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. వచ్చిన చోటు నల్ల పట్టీతో అన్‌అలొకేటెడ్ అని కనబడుతుంది. అలాగే వదిలేయండి, ఫార్మాట్ చేయొద్దు.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావడానికి ఆన్ చేయగానే డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. ముందు ట్రై ఉబుంటులోకి వెళ్లి వైఫై, సౌండు చూసుకోండి. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. అసలు ఎస్ఎస్‌డీయే కనబడకపోతే బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్) డిస్కును నడిపే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ ఆన్‌లో ఉన్నట్టే. నేరుగా మామూలు డిస్కు మోడ్ ఏహెచ్‌సీఐకి మార్చేస్తే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది. ముందు విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ (ఎంఎస్‌కాన్ఫిగ్) తెరిచి సేఫ్ బూట్ టిక్కు పెట్టి, రీస్టార్ట్‌లో బయాస్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్కు తీసేయాలి.

డిస్కు విభజన తామే చేసుకునే మాన్యువల్ పద్ధతిలో ఎక్కించేవాళ్లు ఖాళీ చోటు మీద ఎక్స్‌టీ4 (లినక్స్ ఫార్మాట్), మౌంట్ పాయింట్ స్లాష్ (/) పెడితే సరిపోతుంది. బూట్ ఫైళ్లుండే పాత ఈఎఫ్ఐ పార్టిషన్‌నే వాడండి, దాన్ని ఫార్మాట్ చేశారా, విండోస్ లేవదు. ఈ అరగంటా ఛార్జర్ పెట్టే ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి, వానాకాలం సాయంత్రం కరెంటును నమ్మలేం.

రెండూ వచ్చాక ఒక వింత కనబడుతుంది. ఉదయం 10 గంటలకు విండోస్ తెరిస్తే గడియారం 4:30 చూపిస్తుంది. ఉబుంటు మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో 'timedatectl set-local-rtc 1' అన్న కమాండును కొడితే సర్దుకుంటుంది.

పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత గ్రబ్ మెనూ (ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగేది) మాయమైతే కంగారొద్దు, బయాస్ బూట్ ఆర్డర్‌లో ఉబుంటును మళ్లీ పైకి తెచ్చుకోండి.